బూజు కాని బూజు: ఒక కంటి చుక్కల మందు చరిత్ర

అనంతపురము మెట్టలో ఆశ్వయుజ కార్తీకములు వేరుసెనగ కాలము. ముంగారు వానలకు విత్తిన పైరును ఈ దినములలో పెరికి, చేనిలోనే కుప్పలుగా ఆరబెట్టి, కాయ దులిపి, కట్టెను పశువుల మేతకై వామి వేయుదురు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు నేల కనుక తేమ తక్కువ, దుమ్ము ఎక్కువ. కాయ దులుపునపుడు ఎండుటాకు తునకయో, మట్టి రేణువో, కట్టెపుల్లయో కంటిలో పడుట ఇచ్చటి రైతుకు, కూలికి వింత కాదు. ఎద్దు తోక విసరునపుడు కంటికి తగులుటయు అట్టిదే. చెంగుతో ఒత్తుకొని, నీళ్ళు చల్లుకొని పని సాగింతురు. చాలమారులు అంతటితో సరిపోవును. ఒక్కొక్కప్పుడు మాత్రము కొన్ని దినములకు కన్ను ఎర్రబడి, నీరు కారి, వెలుతురు చూడలేని స్థితి వచ్చును. నల్లగుడ్డుపై తెల్లని మచ్చ యొకటి కనబడి దినదినము పెరుగును. పుండు మానినను అచ్చట మచ్చ నిలిచిపోవును. కంట పువ్వు పూసినదని మనవారు చెప్పునది దీనినే.

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె అమరియుండు పారదర్శకమైన పొరకు కార్నియా అని పేరు. మన పాఠ్యపుస్తకములు దానిని శుక్లపటల మనుచున్నవి. శుక్ల మనగా తెలుపు. ఆరోగ్యముగా నున్న కార్నియా తెల్లనిది కాదు, గాజువంటిది. తెల్లబడిననాడు దాని పని ముగిసినట్లే. ఆ పేరు పెట్టినవారు రోగి కంటిని చూచి పెట్టిరో యేమో! ఈ వ్యాసములో నేను కార్నియా అనియే వ్రాయుచున్నాను.

ఈ పొర దళసరి మధ్యభాగమున సుమారు అర మిల్లీమీటరు. అడ్డకొలత 11 లేక 12 మిల్లీమీటర్లు. ఇందులో రక్తనాళములు లేవు. ఉన్నచో వెలుతురునకు అడ్డు తగులును. తనకు కావలసిన ప్రాణవాయువును కార్నియా ముఖ్యముగా కన్నీటి ద్వారా గాలినుండియే తీసికొనును. దీనివలన చూపునకు ఎంత మేలో, రోగము వచ్చినపుడు అంత చిక్కు. శత్రువుతో పోరవలసిన తెల్ల రక్తకణములు అచ్చటికి వేగముగా చేరలేవు. మ్రింగిన మందు కూడ తగినంత చేరదు. కనుక మందును నేరుగా కంటిలోనే వేయవలెను. అదియు సులభము కాదు. సీసానుండి పడు ఒక్క చుక్క 30 మొదలు 50 మైక్రోలీటర్లుండగా, కంటిలో నిలిచియుండు కన్నీరు 7 మైక్రోలీటర్లే. ఎక్కువైన మందు చెంపపైకి కారును. కొంత ముక్కులోనికి దిగును. కంటిమందు వేసికొన్న కొంతసేపటికి గొంతులో చేదు తగులుట విద్యార్థులలో కొందరికైనను అనుభవమై యుండును. మిగిలినది కొన్ని నిమిషములలో కన్నీటితో కొట్టుకొనిపోవును. దీనికి తోడు, కార్నియా పై పొర కొవ్వులో కరుగు పదార్థములకు దారి యిచ్చును. దాని క్రింది దళసరి పొర నీటిలో కరుగువాటికి దారి యిచ్చును. రెండును దాటగల మందు అరుదు. వైద్యులు కంటిపుండునకు గంట గంటకు చుక్కలు వేయుమని, రాత్రియు లేచి వేయుమని చెప్పుట చాదస్తము కాదు.

మన రాష్ట్రములో ఇట్టి నష్టము ఎంతమందికి కలుగుచున్నదో తెలిసికొనుటకు 1996-2000 సంవత్సరముల మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల పరిశోధన జరిగినది. హైదరాబాదులోను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము జిల్లాల గ్రామములలోను 10,293 మందిని పరీక్షించిరి. జనాభా తీరునకు సరిచేసి లెక్కింపగా, ఒక్క కంటనైనను కార్నియా చెడుటవలన చూపు పోయినవారు 0.66 శాతమని తేలినది. అనగా సుమారు 150 మందిలో ఒకరు. అనంతపురము ఆ లెక్కలో లేదు. కాని మహబూబునగరము మెట్టకును మన మెట్టకును జీవనములో పెద్ద భేదము లేదు. చిన్నతనములో వచ్చిన కంటిపుండ్లు, దెబ్బలు, పెద్దతనములో వచ్చిన పుండ్లు, ఇవియే ముఖ్య కారణములు. వానిలో చాలభాగము తప్పింపదగినవియే.

కంటిపుండు కొందరికి బాక్టీరియా వలన, కొందరికి బూజు వలన వచ్చును. బూజు కంటిలో పెరుగునని మొదట నిరూపించినది జర్మనీదేశపు నేత్రవైద్యుడు థియోడార్ లెబర్. 1879లో ఆయన వద్దకు 54 ఏండ్ల రైతు ఒకడు వచ్చెను. ఓట్ల ధాన్యము నూర్చుచుండగా పొట్టు ఎగిరి అతని కంటికి తగిలినది. ఆ పుండులో లెబర్ ఆస్పర్జిల్లస్ అను బూజును కనుగొనెను. కళ్లము వేరు, ధాన్యము వేరు, దేశము వేరు. జరిగిన పని మన వేరుసెనగ చేనిలో జరుగునదియే. మన సంబంధము ఇంకను దగ్గరది. చివరి వానలు తప్పినపుడు వేరుసెనగ కాయలకు పట్టి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించు బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. దక్షిణభారతమున కంటిపుండ్లలో తరచుగా కనబడు బూజులలో అదియు నొకటి. ఎగుమతి వర్తకుడు కాయలో వెదకు శత్రువునే కంటివైద్యుడు కార్నియాలో వెదకుచున్నాడు.

లెబర్ శత్రువును చూపెనేగాని, దానికి తగిన మందు రావలెనన్న ఇంకను ముప్పాతిక శతాబ్దము పట్టినది. ఆ మందులు నేలనుండియే వచ్చినవి. 1950 ప్రాంతమున అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను ఇరువురు స్త్రీలు మట్టిలోని సూక్ష్మజీవినుండి నిస్టాటిన్ తీసిరి. 1955లో హాలెండుదేశపు డెల్ఫ్ట్ నగరమున మరియొక మందు దొరకినది. దక్షిణాఫ్రికాలోని నటాలు ప్రాంతమునందు, పీటర్‌మారిట్స్‌బర్గ్ పట్టణము దగ్గర తీసిన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి దానిని తయారుచేయుచున్నది. ఊరిపేరుమీద పిమరిసిన్ అనియు, సీమపేరుమీద నటామైసిన్ అనియు దానికి రెండు పేర్లు వచ్చినవి. జున్నుగడ్డలపై బూజు పట్టకుండ పూయుటకు యూరపులో నేటికిని దీనిని వాడుదురు. 1978లో అమెరికా ప్రభుత్వము దీనిని కంటి చుక్కలుగా అంగీకరించినది. నటామైసిన్ అణువు పెద్దది, నీటిలో సరిగా కరగదు. కనుక 5 శాతము మందు పాలవలె తెల్లగా, అడుగున మడ్డి దిగియుండును. సీసా నాడించి వేయనిచో కంటిలో పడునది నీరే.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము చెప్పవలెను. అవే 1950ల కాలములో స్టెరాయిడ్ చుక్కలును వాడుకలోనికి వచ్చినవి. ఎరుపును, నొప్పిని ఇవి చిటికెలో తగ్గించును. కాని శరీరము బూజుతో చేయు పోరాటమును కూడ అణచివేయును. వీని వాడుక పెరిగిన పిమ్మట బూజు పుండ్లు ఎక్కువైనవని ఆ నాటి వైద్యులే వ్రాసిరి. ఎర్రబడిన కంటికి మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న చుక్క స్టెరాయిడ్ అయినచో, రెండు దినములు సుఖము, ఆపైన కన్నే పోవుట జరుగవచ్చును. ఆకుపసరులు, తల్లిపాలు కంటిలో పోయుట గూర్చి ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పుచునే యున్నారు. దుకాణపు చుక్కను గూర్చియు అంత గట్టిగా చెప్పవలసియున్నది. చూచుటకు అది మందువలెనే యుండును గదా!

ఇక హైదరాబాదు. 1987లో అచ్చట ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థ పని ప్రారంభించినది. దాని స్థాపకుడు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు. ధనమును, స్థలమును ఇచ్చినవారు చలనచిత్ర నిర్మాత ఎల్. వి. ప్రసాద్‌గారు. 1989లో దానికి అనుబంధముగా రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పడినది. ఈ సంస్థవారు 1991 మొదలు 2000 వరకు తమవద్దకు వచ్చిన బూజు పుండ్ల లెక్క తీసిరి. రోగులు 1352 మంది. వారిలో సగముకంటె ఎక్కువమందికి ముందుగా కంటికి ఏదో దెబ్బ తగిలియున్నది. పెంచి చూచిన బూజులలో ఫ్యుజేరియం 37.2 శాతము, ఆస్పర్జిల్లస్ 30.7 శాతము. పైరులకు ఎండుతెగులు తెచ్చునది ఫ్యుజేరియమేనని వ్యవసాయము చదివిన విద్యార్థులకు తెలియును. చేనికిని కంటికిని బూజు విషయమున పెద్ద గోడ యేదియు లేదు.

నటామైసిన్ పాతబడినది, కార్నియాలోనికి చక్కగా దిగు వోరికొనజోల్ అను క్రొత్త మందు దానికంటె మేలుగా నుండునని చాలమంది తలచిరి. తర్కమునకు అది సరిగానే యున్నది. పరీక్షించి చూచుటకు మధురైలోని అరవింద నేత్రవైద్యశాల మొదలైనచోట్ల అమెరికా వైద్యులతో కలిసి 2010-2011లో 323 మంది రోగులను చీటీలు వేసినట్లు రెండు భాగములుగా విభజించి, ఒకరికి ఒక మందు, మరియొకరికి రెండవ మందు ఇచ్చిరి. 2013లో ఫలితములు ప్రచురించిరి. పాత మందే గెలిచినది. ముఖ్యముగా ఫ్యుజేరియం పుండ్లలో నటామైసిన్ వేసినవారికి చూపు మెరుగు, కార్నియా చిల్లిపడుట తక్కువ. కాగితముమీది తర్కమునకు రోగి కన్ను ఎప్పుడును కట్టుబడియుండదు. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నటామైసిన్‌ను అవసరమైన మందుల పట్టికలో చేర్చినది.

అంత మంచి మందు ఉన్నను కొన్ని కండ్లు దక్కలేదు. సూక్ష్మదర్శినిలో చూచిన బూజు దారములవంటి తంతువులు స్పష్టముగా కనబడుచునే యున్నవి. కాని నటామైసిన్ వేసినను, వోరికొనజోల్ వేసినను పుండు ఆగదు. కార్నియాలో సన్నని పిల్లకాలువలవలె గీతలు ప్రాకి, అంచువరకు వ్యాపించును. కడపట చెడిన కార్నియాను తొలగించి, మరణించినవారు దానముచేసిన కార్నియాను అతుకవలెను. అతికిన దానిలోనికిని రోగము తిరిగి ప్రాకును. కొందరికి కన్నునే తీసివేయవలసివచ్చెను. ఆ బూజును పెంచి చూచినచో, సిద్ధబీజములు పెట్టదు. కనుక ఏ జాతియో గుర్తింపరాదు. ప్రయోగశాల చిట్టాలో 'గుర్తింపబడని బూజు' అని వ్రాసి మూసివేయుటయే జరిగెడిది.

అది బూజు కాదు. దాని పేరు పైథియం ఇన్సిడియోసం. దాని చరిత్రలో మొదటి పుటలు మన దేశమునందే వ్రాయబడినవి. 19వ శతాబ్దమున ఇండియాలోని ఆంగ్ల సైన్యపు గుర్రములకు వానకాలమున మానని పుండ్లు వచ్చెడివి. బర్సాత్ అనగా వాన కనుక బర్సాతీ యని ఆ రోగమును పిలిచిరి. 1884లో స్మిత్ అను పశువైద్యుడు దానిని గూర్చి వ్రాసెను. 1901లో జావాదీవిలో డచ్చి వైద్యులు అట్టి పుండ్లనుండి తంతువులను వేరుచేసి పెంచిరి. 1987లో డి కాక్, ఆయన సహచరులును ఇప్పటి పేరు పెట్టిరి. ఇన్సిడియోసం అనగా పొంచియుండి మోసగించునది. 1993లో హైటీకి చెందిన రోగి కంటిపుండులో దీనిని కనుగొన్నట్లు అమెరికా వైద్యులు ప్రకటించిరి. తెలుగుదేశములో అప్పటికిది చిట్టాలో పేరు లేకయే తిరుగుచుండెను.

పైథియం కుటుంబము మనకు క్రొత్తది కాదు. నారుమడిలో నారుకుళ్ళు, పసుపులో దుంపకుళ్ళు తెచ్చునవి దీని దాయాదులే. ద్రాక్షతోటలకు బూజు తెగులు తెచ్చునదియు ఈ తెగదే. తెలుగువారు దానిని బూజు తెగులన్నారు. శాస్త్రజ్ఞులును చాలకాలము దీనిని బూజులలోనే లెక్కించిరి. కాని వంశవృక్షమున ఇది సముద్రపు గోధుమవన్నె నాచులకు చుట్టము. నీటిలో ఈదు బీజములను విడుచును. ఒక్కొక్క బీజమునకు రెండు కశాభములుండును. అవి ఆకునో, వెంట్రుకనో, గాయపడిన చర్మమునో వెదకికొని పోయి అతుకుకొనును.

ఆ గుణమే దానిని పట్టియిచ్చినది. సంస్థలోని సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు సావిత్రీ శర్మగారును, ఆమె సహచరులును చేసిన పరీక్ష చూడముచ్చటయైనది. ఉడికించిన గడ్డిపరకలను పెంపకపు పళ్ళెములోని తంతువులపై ఉంచుదురు. తంతువులు పరకను పట్టుకొనిన పిమ్మట, దానిని తగిన లవణములు కలిపిన నీటిలో వేయుదురు. కొన్ని గంటలకు తంతువు కొన బుడగవలె ఉబ్బి, అందులోనుండి బీజములు బయటపడి ఈదసాగును. నిజమైన బూజు ఈ పని చేయజాలదు. దీనితోపాటు, గుర్తింపబడని తంతువుల డి.ఎన్.ఎ. వరుసను చదివి పోల్చిరి. రెండు సాక్ష్యములును కలిసినవి. 2015లో ఈ పని ప్రచురింపబడినది. అప్పటినుండి 'గుర్తింపబడని' వానిలో కొన్నింటికి పేరు దొరకినది.

పేరు తెలిసినంతనే మందులు ఎందుకు ఓడినవో తెలిసినది. నటామైసిన్ బూజు కణపుపొరలోని ఎర్గోస్టిరాల్ అను పదార్థమును పట్టుకొని పనిచేయును. వోరికొనజోల్ ఆ ఎర్గోస్టిరాల్ తయారగుటనే ఆపును. పైథియం పొరలో ఎర్గోస్టిరాల్ లేదు. తాళమే లేని తలుపునకు ఇన్నాళ్ళు తాళపుచెవులు మార్చి మార్చి చూచినట్లైనది.

ఇక ఏ మందు వేయవలెను? దారి చూపినది గుర్రముల రోగమే. బ్రెజిల్ దేశమున పైథియం వలన గుర్రములకు పుండ్లు విస్తారముగా వచ్చును. అచ్చటి పరిశోధకులు 2014లో ఈ జీవి కొన్ని బాక్టీరియా మందులకు లొంగుచున్నదని ప్రయోగశాలలో చూపిరి. బూజువలె కనబడుదానికి బాక్టీరియా మందు వేయుట మొదట నవ్వు పుట్టించు మాట. అయినను హైదరాబాదులో మురళీధర్ రామప్పగారు, సహచరులును పైథియం అని అనుమానించిన ఒక కంటికి లినెజోలిడ్, అజిత్రోమైసిన్ అను రెండు మందులు ఇచ్చి, శస్త్రచికిత్స లేకయే నయమైనట్లు 2017లో ప్రకటించిరి. ఒక్క కన్నుతో శాస్త్రము నిర్ణయింపరాదు. భూపేశ్ బగ్గా, సావిత్రీ శర్మ, ప్రశాంత్ గార్గ్ మొదలగువారు క్రమముగా పనిచేసిరి. తమ రోగులనుండి తీసిన పైథియంను పళ్ళెములలో పెంచి పలు మందులకు ఎట్లు లొంగునో చూచిరి. ఆ తరువాతనే రోగులకు 0.2 శాతము లినెజోలిడ్ చుక్కలు, 1 శాతము అజిత్రోమైసిన్ మందు కంటిలోను, అజిత్రోమైసిన్ మాత్రలు నోటితోను ఇచ్చిరి. బూజు మందులు వాడిన పూర్వపు రోగులతో పోల్చగా వీరిలో కన్ను దక్కినవారు ఎక్కువ. 2018లో ఈ ఫలితములు బ్రిటిష్ నేత్రవైద్య పత్రికలో వెలువడినవి.

బాక్టీరియా మందు బాక్టీరియా కాని జీవిపై ఎట్లు పనిచేయుచున్నది? ఈ ప్రశ్న తరగతిలో వేయదగినది. ఈ రెండు మందులును బాక్టీరియాలో మాంసకృత్తులు తయారగు రైబోసోములను పట్టుకొనును. పైథియం కణములో, మన కణములోవలెనే, శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలున్నవి. అవి పూర్వకాలమున ఒక కణములో కాపురముండవచ్చిన బాక్టీరియాల సంతతి యని జీవశాస్త్రజ్ఞుల సిద్ధాంతము. కనుక వాని రైబోసోములు నేటికిని బాక్టీరియా రైబోసోముల పోలికలోనే యున్నవి. మందు వానినే పట్టుచున్నదని పరిశోధకుల భావన. ఎన్నో కోట్ల యేండ్లనాటి చుట్టరికము ఒక రైతు కంటికి అక్కరకు వచ్చుట నాకు మిక్కిలి వింతగా తోచును.

భువనేశ్వరములోని అదే సంస్థ శాఖవారు 2017లో మరియొక సులభమైన పరీక్షను ప్రకటించిరి. పైథియం కణకవచములో సెల్యులోజు కలదు. నిజమైన బూజుల కవచములో కైటిన్ ముఖ్యము. అయోడిన్, పొటాసియం అయొడైడ్ ద్రావణము వేసి, పైన గంధకికామ్లము చేర్చినచో సెల్యులోజు నల్లని నీలివన్నెకు మారును. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కాండపు ముక్కమీద విద్యార్థులు ఎప్పుడో చూచిన మార్పే ఇది. డి.ఎన్.ఎ. యంత్రము లేని ఆసుపత్రిలోను కొన్ని నిమిషములలో జరుగగలదు.

క్రొత్త మందు అందరిని కాపాడునని అనుకొనరాదు. పుండు లోతుగా దిగినపిమ్మట వచ్చినవారికి నేటికిని కార్నియా మార్పిడి తప్పుటలేదు. అనంతపురమునుండి హైదరాబాదుకు దూరము సుమారు 350 కిలోమీటర్లు. నూర్పిడి విడిచి, కూలి పోగొట్టుకొని ఆ దూరము పోవువాడు ఆలస్యముగనే పోవును. తంతువులు కనబడగానే బూజు మందు ప్రారంభించి, కొన్ని దినములలో గుణము లేనిచో పైథియంను అనుమానించుట ఇప్పుడు నేత్రవైద్యులకు అలవాటైనది. లినెజోలిడ్ రక్తనాళములోనికి ఎక్కించుటకు 300 మిల్లీలీటర్లలో 600 మిల్లీగ్రాములుగా అమ్ముదురు. లెక్క వేసినచో అది సరిగా 0.2 శాతము. ఆ ద్రావణమునే శుభ్రమైన పద్ధతిలో చుక్కల సీసాలలోనికి మార్చి ఆసుపత్రులలో రోగి చేతికిచ్చుచున్నారు.